గట్టు దాటి వచ్చిన దుప్పి ఎవరిది?

మా శనక్కాయల చేను తడకు పడమరగా, కొండల వైపు వుంది. మూడెకరాలే. మా మామగారు కొని, రాళ్ళు ఏరించి, బావి తవ్వించి సాగుకు తెచ్చిన నేల. తడ అనగానే బయటివారికి తూర్పున వున్న పులికాటు సరస్సు, చలికాలంలో అక్కడ దిగే ఫ్లెమింగోలు గుర్తుకు వస్తాయి. పడమర దిక్కున అడవి వుందని, ఉబ్బలమడుగు జలపాతం చూడవచ్చే కుర్రవాళ్ళకు తప్ప ఎక్కువమందికి తెలియదు. ఆ కొండల నుండి రాత్రివేళ చుక్కల దుప్పులు దిగి వస్తాయి. శనగ ఆకు లేతగా వున్న రోజుల్లో అయితే చెప్పనక్కరలేదు. తెల్లవారి వెళ్ళి చూస్తే సాళ్ళ మధ్య గిట్టల గుర్తులు, కొరికేసిన కొమ్మలు.

"మీ పట్టా భూమిలోకి వచ్చిన దుప్పి మీది కాదా టీచరమ్మా? మీరు సరేనంటే చాలదా?" అని ఇప్పటికి నలుగురైదుగురు నన్ను అడిగారు. అడిగినవారిలో చదువుకొన్నవారే ఎక్కువ. పల్లెల్లో పొలాలున్న మన పాఠకులలో కూడ కొందరికి ఈ ప్రశ్న ఎదురై వుంటుంది. ఎదురు కాకపోతే రేపు కావచ్చును. అందుకని నాకు తెలిసిన సంగతులు వ్రాస్తున్నాను.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది 1974లో. అప్పటికి మా మామగారు వేట మానుకొన్నారు. కాని తుపాకి మాత్రం గోడకు వుండేది. గొట్టంలో మందు కూరి కాల్చే పాతకాలపు తుపాకి. పంట కాపాడుకొనేందుకని ఇచ్చిన లైసెన్సు. 1959 ఆయుధాల చట్టంలో అటువంటి తుపాకికి పంట రక్షణ కోసం లైసెన్సు ఇచ్చే వీలు వుంది. ఎన్నికలు వచ్చినప్పుడెల్లా ఆయన దానిని గోనెగుడ్డలో చుట్టి స్టేషనులో అప్పగించి వచ్చేవారు. (పంట రక్షణ లైసెన్సు వుంటే దుప్పిని కాల్చవచ్చునని ఇప్పటికీ అనుకొనేవారు వున్నారు. అది తుపాకి దగ్గర వుంచుకోవడానికి ఇచ్చిన లైసెన్సే గాని వేటకు ఇచ్చినది కాదు.)

సాయంత్రం పూట వరండాలో కూర్చొని ఆయన తన వేట రోజుల సంగతులు చెప్పేవారు. నాకు వేట మీద ఆసక్తి లేదు. కాని ఆ చెప్పడంలో ఎక్కువ భాగం దుప్పిని గురించి కాదు, చుట్టుపక్కల పొలాల వారిని గురించి వుండేది. రేపు తెల్లవారుజామున కొండ పక్కకు వెళ్ళాలంటే ముందురోజే హద్దు పొలాల వారందరి ఇళ్ళకు తిరిగి చెప్పి రావాలి. పిల్లలను, పశువులను అటు తోలవద్దని చెప్పడం ఒకటి, వారు వద్దంటే వెళ్ళకుండా వుండడం ఒకటి. వెనుక కొండవాలు కనబడితే తప్ప గురి పెట్టకూడదు. వెనుక ఖాళీ వుంటే తూటా ఏ గుడిసెకు పోతుందో తెలియదు. ఆడదానిని కొట్టకూడదు. పిల్ల వెంట వున్నదాని వైపు తుపాకి ఎత్తనే కూడదు. ఎండాకాలంలో చెలమ దగ్గర కాచుకొని కూర్చోవడం ఆయన దృష్టిలో దొంగతనం కన్నా నీచము. దప్పిక తీర్చుకోవడానికి వచ్చినదానిని చంపేవాడితో ఆయన మాట్లాడేవారు కాదట.

గాయపడిన దుప్పి సంగతి మరీ గట్టిగా చెప్పేవారు. దెబ్బ తగిలి పారిపోయిందంటే ఎంత పొద్దుపోయినా రక్తపు జాడ పట్టుకొని వెళ్ళాల్సిందే. దానిని కనుగొని బాధ తీర్చేదాకా ఇంట్లో అన్నం ముట్టకూడదు. అది వెళ్ళి మరొకరి చేలో పడితే? గెనిమ దగ్గరే ఆగిపోవాలి. ఆ పొలం గలాయనను పిలిపించి, ఆయన రమ్మన్న తరువాతనే అడుగు పెట్టాలి. పంపకంలో కూడ వరస వుండేది. దారి చూపినవాడికి మొదటి పాలు, భూమి గలవాడికి రెండోది, తుపాకి పట్టినవాడికి చివరిది.

ఇవి ఆయన సొంత నియమాలని చాలాకాలం అనుకొన్నాను. తరువాత 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పాత ప్రతి ఒకటి చదివే అవకాశం కలిగింది. ఆ చట్టం వచ్చిన కొత్తలో కొన్ని జంతువులను లైసెన్సు తీసుకొని వేటాడడానికి వీలుండేది. అటువంటి వేటగాడు ఏమేమి చేయకూడదో అప్పటి 17వ సెక్షనులో వ్రాశారు. బండిలో నుండి కాల్చరాదు. రాత్రిపూట వేటాడరాదు, లైటు వేసి కొట్టరాదు. ఉప్పునేలల దగ్గర, నీళ్ళు త్రాగే చోట, అక్కడికి పోయే దారిలో కొట్టరాదు. విషము, గుంటలు, వలలు పనికిరావు. వేట కోసం అడవికి నిప్పు పెట్టరాదు. వాటి మధ్యలోనే ఇంకొకటి వుంది: ప్రభుత్వానిది కాని భూమిలో, దాని యజమాని గాని సాగు చేసుకొంటున్నవాడు గాని ఒప్పుకోకుండా వేటాడరాదు. అది చదివి మా మామగారు జ్ఞాపకం వచ్చి నాకు ఆశ్చర్యం కలిగింది. పాత వేటగాళ్ళ మర్యాదనే ప్రభుత్వం వారు కాగితం మీద పెట్టారన్నమాట.

కాని ఇప్పుడు ఆ సెక్షను లేదు. 1991 సవరణతో వేట లైసెన్సుల పద్ధతే పోయింది. వాటితోపాటు ఈ నియమాలూ పోయాయి, వేటే నిషిద్ధమైన తరువాత వేటాడే తీరుకు నియమాలెందుకు? యజమాని "సరే" అనడానికి కొన్నాళ్ళు చట్టంలో వున్న చోటు ఆ విధంగా ఖాళీ అయ్యింది. ఇక ఆస్తి విషయము. వేటాడిన అడవి జంతువు గాని, చచ్చి కనబడినది గాని, దాని మాంసము గాని ప్రభుత్వపు సొత్తు అని చట్టం చెబుతుంది. అది ఎవరి చేతికి వస్తే వారు 48 గంటలలోగా దగ్గరలోని పోలీసు స్టేషనులో గాని అధికారికి గాని తెలియజేయాలి. పట్టా నా పేరున వున్నంత మాత్రాన దుప్పి నాది కాదు. "వేట" అనే మాటకు కూడ చట్టంలో అర్థం విశాలం. చంపడమే కాదు, ఉచ్చు పెట్టడం, తరమడం, ఎర వేయడం, ఆ ప్రయత్నం చేయడం కూడ వేటే.

మా తమ్ముడి కొడుకు టెక్సాసులో వుంటాడు. అక్కడ ఒక నవంబరు నెలలో తోటి ఉద్యోగులతో జింకల వేటకు వెళ్ళి, ఫోనులో నాతో, "ఇక్కడ భూమి చాలావరకు ప్రైవేటు వాళ్ళదే అత్తా, యజమానికి డబ్బు కట్టి వెళ్తాము, మన దగ్గర ఎందుకు కుదరదు?" అన్నాడు. నేను వాడిని తిరిగి కొన్ని ప్రశ్నలు వేశాను. వాడు నిజాయితీగా తెలుసుకొని చెప్పాడు. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారు అక్కడ వేటకు వెళ్ళాలంటే వేటగాళ్ళ శిక్షణ పూర్తి చేయాలట. జింకను కొట్టగానే దానికి చీటీ కట్టాలి. గాయపడినది పక్కవారి కంచె దాటితే, అడగకుండా కంచె దాటకూడదు. అన్నిటికన్నా నాకు నచ్చిన మాట చివరన చెప్పాడు. అక్కడ కూడ జింక భూమి యజమానిది కాదట. అది ఆ రాష్ట్ర ప్రజలందరిదని వారి చట్టం. యజమాని అమ్మేది తన నేల మీద కాలు పెట్టే అనుమతి మాత్రమే. వేలమైళ్ళ అవతల కూడ హద్దు గట్టు దగ్గర ఆగమనే చెబుతున్నారు చూడండి!

మన ప్రక్కనే ఇంకొక సంగతి వుంది. చెన్నైకి దక్షిణంగా చెంగల్పట్టు జిల్లాలో వేడందాంగల్ అనే చెరువు వుంది. వందల యేళ్ళుగా అక్కడ పక్షులు గూళ్ళు కట్టుకొంటున్నాయి. పక్షుల రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్ళే ఆ ఊరివారి పొలాలకు ఎరువు. 18వ శతాబ్దంలో ఆంగ్లేయుల సైనికులు వచ్చి ఆ పక్షులను కాల్చేవారు. ఊరివారు ఊరుకోకుండా కలెక్టరు దగ్గరకు వెళ్ళారు. అప్పుడు కలెక్టరుగా వున్న లయనెల్ ప్లేస్ 1798 ప్రాంతంలో వారికి రక్షణ కౌలు పత్రం వ్రాసి ఇచ్చాడు. తుపాకి పట్టిన దొరలకు వద్దని చెప్పిన రైతులు వారు. చట్టాలు, సెక్షన్లు పుట్టకముందు మాట.

అంత పెద్ద మాట చెప్పే అవసరం నాకు 2010లో వచ్చింది. అది కూడ దొరలతో కాదు, మా అల్లుడుగారితో.

క్రిస్మస్ అయిన మూడో రోజు మా అమ్మాయి, అల్లుడుగారు చెన్నై నుండి వచ్చారు. వారి వెంట ఇంకొక కారులో ఆయన పై అధికారి, ఇద్దరు స్నేహితులు. సాయంకాలం కాఫీలైన తరువాత ఆ పెద్దమనిషి చాలా మర్యాదగానే అడిగారు. కారులో తుపాకి వుంది, పెద్ద లైటు వుంది. మా చేనులోకి దుప్పులు వస్తాయని మా అల్లుడుగారు చెప్పారట. "అడవిలోకి పోము అమ్మా, మీ పొలం దాటము. మీ కావలి మనిషిని మాతో పంపండి చాలు, ఆయన లైటు పట్టుకొంటాడు" అన్నారు.

అల్లుడి మాట కాదనడం మన ఇళ్ళల్లో ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు. పైగా వచ్చినవారు ఆయనకు పైవారు. మా అమ్మాయి వంటింటి గడపలో నిలబడి నా ముఖం వైపే చూస్తూ వుంది.

నేను కోపంగా ఏమీ అనలేదు. "మా చేనులో మీరు తిరగడానికి నేను ఒప్పుకోగలను సార్. కాని దుప్పిని ఇవ్వడానికి అది నాది కాదు" అన్నాను. ఆయన నవ్వి, ఎవరికి తెలుస్తుంది అన్నారు. అప్పుడు, "రేపు ఫారెస్టువారు వస్తే మీ కారు చెన్నైలో వుంటుంది. మా పెద్దాయన ఇక్కడే వుంటాడు. ఆయనను పంపను" అన్నాను. రాత్రి భోజనానికి వుండమని అడిగాను, నాటుకోడి కూర వండి వుంది. వారు వుండలేదు. ఆ సంవత్సరం ఈస్టరు పండుగకు అల్లుడుగారు రాలేదు, మా అమ్మాయి ఒక్కతే పిల్లవాడిని తీసుకొని బస్సులో వచ్చింది. మరుసటి యేడు కాయలు పీకే రోజుల్లో ఆయన వచ్చి రెండు రోజులు వున్నారు. ఆ విషయము మేమిద్దరం ఇప్పటిదాకా ఎత్తుకోలేదు.

మా కావలి పెద్దాయన యానాది. అడవి జాడలు ఆయనకు తెలిసినట్టు మరెవరికీ తెలియవు. గిట్ట గుర్తు చూసి అది మగదో ఆడదో, నడిచిందో బెదిరి దూకిందో చెబుతాడు. వేటకు వచ్చేవారికి కావలసింది ఆ తెలివే. ఆ తెలివి గలవాడే ముందు దొరుకుతాడు కూడ. ఆంగ్లేయుల కాలంలో యానాదులలో కొందరిని నేరస్థ జాతుల చట్టం క్రింద వ్రాసి పెట్టారు. 1952లో ఆ ముద్ర కాగితాల మీద తొలగింది. మనుషుల నోళ్ళలో తొలగిందా అని అడిగితే నేను చెప్పలేను. ఏ చేలో ఏది మాయమైనా ముందు వారి గుడిసెల వైపే చూసేవారిని నేను ఎరుగుదును. 2022 సవరణ తరువాత ఈ చట్టం క్రింద సాధారణ నేరాలకు సైతం జరిమానా లక్ష రూపాయల దాకా పెంచారు, ఖైదు మూడేళ్ళ దాకా వుండవచ్చు. లక్ష కట్టగలవారు ఎవరో, కట్టలేక లోపల కూర్చొనేవారు ఎవరో ఆలోచించండి. నా "సరే" అనే ఒక్క మాటతో నేను ఇచ్చేది దుప్పిని కాదు, ఆయనను.

ఇంతవరకు చదివినవారు, ఈమె దుప్పుల పక్షము, రైతుల బాధ తెలియదు అనుకోవచ్చును. మా హద్దులో కౌలుకు రెండెకరాలు చేసుకొనే అబ్బాయి ఒకడు వున్నాడు. ఒక సంవత్సరం పూత మీద వున్న చేనును దుప్పులు, అడవిపందులు కలిసి నాలుగు రాత్రుల్లో పాడు చేశాయి. వాడు నా దగ్గరకు వచ్చి, "మీకు పింఛను వస్తుంది టీచరమ్మా, మీరు దుప్పులకు మేత పెట్టగలరు. నేను అప్పు తెచ్చి పెట్టాను" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. వద్దని చెప్పడం నాకు తేలిక, ఆ చెప్పినదానికి ఖరీదు కట్టేది వాడు. చట్టంలో పంట నష్టానికి ఒక దారి లేకపోలేదు. కొన్ని జంతువులు నిలిచివున్న పంటను పాడు చేస్తే, వాటి విషయంలో అనుమతి వ్రాతపూర్వకంగా ఇచ్చే అధికారం రాష్ట్రపు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి వుంది. అర్జీ పెట్టి అనుమతి వచ్చేలోపల శనగ పంట వుంటుందా అంటే నాకు నమ్మకం లేదు.

వాడు చేను చుట్టూ కరెంటు తీగ లాగాలనుకొన్నాడు. దానిని మాత్రం నేను ఒప్పుకోలేదు. పందుల కోసమని పెట్టిన కరెంటు తీగలు తగిలి తెల్లవారుజామున నీళ్ళు కట్టడానికి వెళ్ళిన రైతులే చనిపోయిన వార్తలు మనం పత్రికలలో చదువుతూనే వున్నాము. చివరకు మేము ఒక ఒప్పందానికి వచ్చాము. రెండు చేలకు కలిపి ఒకే మంచె వేశాము. కావలి కూలిలో మూడు వంతులు నాది, ఒక వంతు వాడిది. వద్దన్నది నేను గనుక ఆ పంపకం న్యాయమని నాకు తోచింది. పాత రంగుచీరలు అడిగి తెచ్చి గట్టు వెంబడి కట్టాము. గాలికి అవి ఊగుతుంటే కొన్నాళ్ళు దుప్పులు బెదురుతాయి. తరువాత అలవాటు పడతాయి, అప్పుడు వరస మార్చి కట్టాలి. డబ్బా మోగించడం, టార్చి వేయడం మామూలే. అయినా కొంత పోతుంది. మోషే ధర్మశాస్త్రంలో యేడవ సంవత్సరం భూమిని బీడు పెట్టి, బీదలు తినగా మిగిలినది అడవి మృగములు తినాలని వుంది. దానిని ఆ అబ్బాయికి చదివి వినిపించే ధైర్యం నాకు లేదు. అది భూమి గలవారితో చెప్పిన మాట గాని కౌలుకు చేసేవాడితో చెప్పినది కాదని నా అభిప్రాయము.

మాంసం తినడం తప్పా అని మన సంఘంలో ఒక సోదరి అడిగింది. దుప్పి మాంసం బైబిలులో నిషేధింపబడలేదు. ఇస్సాకుకు వేటమాంసం ఇష్టము, సొలొమోను భోజనపు బల్ల మీద దుప్పులు వుండేవి. వేటాడినవాడు దాని రక్తాన్ని నేల మీద పోసి మట్టితో కప్పాలని లేవీయకాండంలో నియమం వుంది. గూటిలో పిల్లలతో వున్న తల్లి పక్షిని పట్టరాదని ద్వితీయోపదేశకాండంలో వుంది. అంటే ఆ కాలంలో కూడ వేటకు మర్యాదలు వుండేవి. కాని అక్కడ తినవచ్చునన్నది ఇక్కడ, ఈ చట్టం క్రింద, దొంగచాటుగా తెచ్చినదానికి అనుమతి కాదు.

మొన్నటి సంవత్సరం ఒక సాయంత్రం ఆ కౌలు అబ్బాయి భార్య కొంగు చాటున స్టీలు గిన్నె తెచ్చింది. నేను ఏమిటని అడగకముందే, "దుప్పి కూర టీచరమ్మా, మీకని తీసి వుంచాను" అని చెప్పింది. అంగడిలో అమ్మే మాంసం గురించి మనస్సాక్షి నిమిత్తం ప్రశ్నలు వేయకుండా తినమని పౌలు కొరింథీయులకు వ్రాశాడు. కాని ఇది ఫలానాది అని ఎవరైనా చెబితే, చెప్పినవాని నిమిత్తం తినవద్దన్నాడు. విగ్రహాలకు అర్పించినదాని గురించి చెప్పిన మాటే గాని, ఆ నిమిషంలో నాకు అదే తోచింది. చెప్పింది ఈ పిల్లే. నేను తింటే రేపటినుండి ఆ ఉచ్చు మా ఇద్దరిది.

గిన్నె మూత తీయకుండా ఆమె చేతికే ఇచ్చాను. వట్టి చేతులతో పంపడం మా వైపు మర్యాద కాదు గనుక నాలుగు గుడ్లు కొంగులో పెట్టి, ఉచ్చు ఎక్కడ కట్టారో చెప్పమన్నాను. చాలాసేపు నేల చూస్తూ నిలబడి తరువాత చెప్పింది. మరునాడు తెల్లవారగానే పెద్దాయన, నేను వెళ్ళాము. వాళ్ళ చేనుకు, మా చేనుకు మధ్య గట్టు మీద, కట్టిన చీరలకు నడుమ దుప్పులు దూరే సందులో వుంది అది. మోటారు సైకిలు క్లచ్చి వైరు. పెద్దాయన పళ్ళతో ముడి వదులు చేసి విప్పాడు.